పోటీ ఉన్నచోటే చూసే కన్ను

2025 నవంబరు 18న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో గోలు లేకుండా ముగిసిన మ్యాచ్‌తో కురసావ్ అనే కరీబియన్ ద్వీపం 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు అర్హత సంపాదించి, ఆ పోటీకి ఇంతవరకు అర్హత పొందిన దేశాలన్నిటిలోకీ జనాభా రీత్యా అతి చిన్నదిగా రికార్డులకెక్కింది. ఆ ద్వీప జనాభా 1.56 లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. 2011 లెక్కల ప్రకారం కృష్ణా డెల్టాలోని ఒక్క తెనాలి పురపాలక సంఘం పరిధిలోనే 1.64 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. బాపట్ల, రేపల్లె పట్టణాలను కలుపుకుంటే ఆ సంఖ్య 2.8 లక్షలు దాటుతుంది. అంత చిన్న ద్వీపానికి సాధ్యమైనది ఇంత పెద్ద డెల్టాకు ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్న సహజంగానే తోస్తుంది గాని, పోలికను అక్కడితో ఆపితే అది తప్పుదారి పట్టిస్తుంది. కురసావ్ జట్టులో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి, అక్కడి క్లబ్బుల్లోనే ఆట నేర్చినవారు. ద్వీప రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లో పుట్టిన తాహిత్ చాంగ్ సైతం పదేళ్ల వయసులోనే రోటర్‌డామ్‌లోని ఫెయనూర్డ్ క్లబ్బుకు, ఆపైన 2016లో మాంచెస్టర్ యునైటెడ్‌కు చేరుకున్నవాడే. కురసావ్ నెదర్లాండ్స్ రాజ్యంలో భాగం కావడం వల్ల అక్కడివారికి డచ్ పౌరసత్వం ఉంటుంది కనుక, వీసా, పని అనుమతి అనే రెండు గోడలు వారికి అడ్డురావు.

పిల్లల ఆటను దగ్గరుండి గమనించి, వారిలో రేపటి వృత్తి క్రీడాకారులు కాగలవారెవరో అంచనా కట్టి క్లబ్బుకు నివేదించే పనిని ఫుట్‌బాల్ లోకం స్కౌటింగ్ అంటుంది, ఆ పనిలో ఉన్నవారిని స్కౌట్లు అంటుంది. స్కౌట్ అంటే మట్టిలో మాణిక్యాన్ని పసిగట్టే దివ్యదృష్టి కలవాడన్న అభిప్రాయం సినిమాల వల్ల బాగా పాతుకుపోయింది. వాస్తవంలో స్కౌట్ జీతానికి పనిచేసే ఉద్యోగి. ఏడాదిలో ఇన్ని రోజులు, ఇంత ఖర్చు అన్న లెక్కకు కట్టుబడినవాడు. అందువల్ల ఒకే చోట, ఒకే వారంలో, ఎక్కువమంది పిల్లలు నిజమైన పట్టుదలతో ఆడే పోటీ ఎక్కడ జరుగుతుందో అక్కడికి వెళతాడే తప్ప ఊరూరా తిరిగి పిల్లలను వెతకడు. కరీబియన్ ద్వీపాల అనుభవాన్నీ, తెలుగునేల మీద హైదరాబాదు అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి స్పష్టంగా తేలుతుంది.

జమైకాలో శతాబ్దానికి పైగా మ్యానింగ్ కప్ అనే బడిపిల్లల టోర్నీ నడుస్తున్నది. కింగ్‌స్టన్, దాని పరిసరాల్లోని ఉన్నత పాఠశాలలకు అది పరిమితం కాగా, రాజధానికి దూరంగా ఉన్న గ్రామీణ ప్రాంతాల బడులకు డకోస్టా కప్ పేరుతో వేరే టోర్నీ ఉంది. పల్లె బడిని పట్నం బడి చేతిలో మొదటి రౌండులోనే ఓడించి ఇంటికి పంపకుండా దాని పోటీ దానికే ఉంచిన ఈ ఏర్పాటు చూపులకు చిన్నదే గాని, దాని ఫలితం పెద్దది, ఎందుకంటే మారుమూల బడి కుర్రవాడు కూడా ఒక సీజన్‌లో అనేక మ్యాచ్‌లు ఆడతాడు, వాటిని చూడటానికి జనం వస్తారు, పత్రికలు రాస్తాయి, ఆ వార్తల వెంట స్కౌట్లు వస్తారు. ట్రినిడాడ్ అండ్ టొబాగోలోనూ మాధ్యమిక పాఠశాలల లీగుకు ఇటువంటి ఆదరణే ఉంది. 1989లో ఇంగ్లండుకు చెందిన ఆస్టన్ విల్లా జట్టు ఆ దేశ పర్యటనకు వచ్చినప్పుడు, దాని మేనేజరు గ్రాహం టేలర్ కంటపడిన 17 ఏళ్ల టొబాగో కుర్రవాడు డ్వైట్ యార్క్, 1.2 లక్షల పౌండ్లకు ఆ క్లబ్బు అతన్ని తీసుకున్నది, 1998లో మాంచెస్టర్ యునైటెడ్‌కు 1.26 కోట్ల పౌండ్లకు అమ్మింది, మరుసటి ఏడే అతను ఇంగ్లిష్ లీగు, ఎఫ్ఏ కప్, యూరోపియన్ చాంపియన్స్ లీగు మూడూ గెలిచిన జట్టులో ముందువరసలో నిలిచాడు. ఈ రెండు అంకెలతో మరొకసారి పని పడుతుంది.

కలకత్తా పిలిచిన హైదరాబాదు

తెలుగువారికి ఈ కథ కొత్తదేమీ కాదు, కాకపోతే వారి తొలి పరదేశం యూరప్ కాదు, కలకత్తా. 1940ల చివరి నుంచి 1970ల వరకు దేశంలో ఫుట్‌బాల్‌తో బతుకు వెళ్లదీయదగిన ఊరు ప్రధానంగా అదొక్కటే. అక్కడి క్లబ్బులు పేరుకు ఔత్సాహిక జట్లే అయినా, ఉద్యోగాల రూపంలోనూ ఇతరత్రానూ ఆటగాళ్లకు ఆసరా కల్పించేవి. వాటిలో ఒకటైన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు కార్యదర్శి జ్యోతిష్ గుహ దక్షిణాది మైదానాల మీద ప్రత్యేకంగా కన్నువేసి జట్టును కూర్చినవారు. సాలే, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, వెంకటేశ్ అనే దక్షిణాది అయిదుగురి ముందువరసను బెంగాలీలు పంచపాండవులని పిలుచుకున్నారు.

అదే కాలంలో హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు. 1909లో పుట్టి, ఉస్మానియాలో పట్టా పుచ్చుకుని, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన ఈ ఉపాధ్యాయుడు 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు శిక్షకుడిగా ఆయన 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన సంగతి 2024లో వచ్చిన ‘మైదాన్’ చిత్రం తరువాత చాలామందికి తెలిసింది గాని, ఆ విజయాలకు వెనుక ఉన్న అసలు పనితనం సినిమాకు అందేది కాదు. రహీం స్థానికంగా విచిత్రమైన టోర్నీలు పెట్టించేవారు: ఒకదానిలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ప్రత్యర్థిని దాటుకుపోవడం, అంటే డ్రిబ్లింగ్, నిషిద్ధం, కాబట్టి బంతి అందగానే ఇంకొకరికి అందించి తీరాలి, మరొకదానిలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం పిల్లవాడు ఎడమకాలితో తడబడుతూ ఆడుతున్నప్పుడు, చూసేవాడికి ఆ పిల్లవాడి నేర్పు కన్నా నేర్చుకునే గుణం బయటపడుతుంది. స్కౌట్ తెలుసుకోవలసింది సరిగ్గా అదే. పోటీని ముందు నిర్మించి, ఆ తరువాత అందులో చూసిన మనిషి రహీం. శిక్షకుడిగా ఆయన కీర్తిలో ఈ సగానికి రావలసినంత గుర్తింపు రాలేదు.

సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేదకుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ కంటికి చిక్కినవాడే. శిక్షణ కోసం హైదరాబాదు రావడానికి ఛార్జీలు లేవని ఆ కుర్రవాడు చెబితే, అద్దె సైకిలుకు రహీం స్వయంగా డబ్బులిచ్చారని బలరాం తరువాతి కాలంలో చెప్పుకునేవారు. 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో ఆయన ఉన్నారు, ఆ ఏడాదే మెల్‌బోర్న్‌కు వెళ్లారు, 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ చేశారు. అనారోగ్యం వల్ల 1963లోనే ఆట మానుకోవలసి వచ్చి, 2023 ఫిబ్రవరిలో బెంగాలులోనే కన్నుమూశారు. ఆయన తరువాత 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు నుంచి అదే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. అప్పటికి పదిహేడేళ్లవాడైన హబీబ్ ఉద్యోగాల వైపు చూడకుండా ఆటనే జీవనోపాధిగా చేసుకుని, 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు చేసినంత ఎత్తుకు చేరుకున్నాడు. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు.

ఈ వరుసలో పేర్లు ఇచ్చినవి లాలాగూడ, మల్లేపల్లి వంటి నగరపు పేటలే తప్ప కృష్ణా డెల్టా కాదు. హౌరా నుంచి మద్రాసుకు పోయే ప్రధాన రైలుమార్గం తెనాలి, బాపట్లల మీదుగానే సాగుతుంది, తెనాలి నుంచి చీలిన శాఖ వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో ముగుస్తుంది. అంటే కలకత్తా క్లబ్బుకూ తెనాలి, బాపట్లలకూ మధ్య బండి మారవలసిన అవసరం కూడా లేదు. అయినా ఎవరూ దిగలేదు, దిగి చూడటానికి ఇక్కడ ఫుట్‌బాల్ పోటీ అంటూ పెద్దది లేదు గనుక.

ఎకరా డెబ్బై ఆరు సెంట్లు

డెల్టాలో ఆటలు లేవనడం అన్యాయమవుతుంది. సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరగని పెద్ద ఊరు ఇక్కడ అరుదు; క్రికెట్ సంగతి చెప్పనక్కరలేదు. బ్యాడ్మింటన్‌లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల ఇప్పటి బాపట్ల జిల్లాలోనిదే. ఫుట్‌బాల్ వెనుకబడటానికి అభిరుచిని నిందించే ముందు నేల లెక్క చూడాలి. వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 105 మీటర్లు, 68 మీటర్లు ఉండవలసిన ఫుట్‌బాల్ మైదానానికి ఎకరా డెబ్బై ఆరు సెంట్లు కావాలి, అది మాగాణిలో ఒక చిన్న రైతు మొత్తం కమతం. మెట్ట ప్రాంతాల్లో పంట తీశాక బీడు పడే చేలు పిల్లలకు ఆటస్థలాలవుతాయి. డెల్టాలో వరి కోతకు ముందే ఆ చేలోనే మినుమో, పెసరో చల్లుతారు, లేదా కోతయ్యాక దున్నకుండానే మొక్కజొన్న పెడతారు, కాబట్టి నేల ఖాళీగా ఉండే రోజులంటూ దాదాపు ఉండవు. ఇక బడి మైదానాలు నల్లరేగడివి కావడంతో వానాకాలమంతా కాలు దిగబడుతుంది, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. మిగిలేది బాపట్ల పక్కన సూర్యలంక, రేపల్లెకు దిగువన నిజాంపట్నం తీరాల ఇసుక. కరీబియన్ పిల్లలు కూడా అటువంటి ఇసుకలో ఆడతారు.

మైదానం దొరికి పోటీ జరిగినా, స్కౌట్ ఏమి చూస్తాడన్నది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. గోల్స్ సంఖ్య చివరిగా చూసే విషయం. బంతి తన దగ్గరకు వచ్చే లోపల పిల్లవాడు మెడ తిప్పి ఎన్నిసార్లు వెనుకకు చూశాడు, బంతి తాకిన మొదటి స్పర్శలోనే దాన్ని తనకు కావలసిన వైపు మళ్లించాడా లేక కాలికిందే ఆపేశాడా, బంతి పోగొట్టుకున్న తరువాతి మూడు నాలుగు సెకన్లలో వెంటపడ్డాడా లేక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా అన్నవి నోటుపుస్తకంలోకెక్కే గుర్తులు. వీటితో పాటు వయసు చూస్తారు. యువజన పోటీల్లో జనవరి 1ని హద్దుగా పెట్టడం వల్ల, ఏడాది తొలి నెలల్లో పుట్టినవాడు ఏడాది చివర పుట్టినవాడి కన్నా పది, పదకొండు నెలల పెద్దవాడై ఉంటాడు. పన్నెండేళ్ల వయసులో ఆ తేడా ఎత్తులోనూ బలంలోనూ స్పష్టంగా తెలుస్తుంది, ఎంపికలో పెద్దవాడికే మొగ్గు వస్తుంది. దీన్ని సాపేక్ష వయోప్రభావం అంటారు. తెలుగునాట ఈ శాస్త్రానికి వేరే చిక్కు ఉంది: బడిలో వేసే రోజున మాస్టారు అంచనాగా రాసిన తేదీయే అనేకమందికి పుట్టినరోజు కావడంతో, జూన్, జూలై నెలల్లో పుట్టినవారు రికార్డుల్లో అనుమానం కలిగించేటంత మంది ఉంటారు. పుట్టిన తేదీ ఎలా ఉన్నా మణికట్టు ఎముక అబద్ధం చెప్పదన్న నమ్మకంతో ఫిఫా 2009 నుంచి 17 ఏళ్ల లోపు ప్రపంచకప్పులో ఎమ్ఆర్ఐ పరీక్ష ప్రవేశపెట్టింది. భారత యువ లీగుల్లో ఎక్స్‌రే ఆధారంగా ఎముక వయసు లెక్కగట్టే పద్ధతి ఉంది. కాగితం మీద పిల్లవాడి వయసు రెండేళ్లు తగ్గించి పైకి తేవచ్చనుకునే పెద్దలు ఆ పరీక్ష దగ్గర పిల్లవాడి దారినే మూసేసుకుంటున్నారు.

తండా నుంచి జాగ్రెబ్

ఈ తరంలో తెలుగునేల నుంచి యూరప్ క్లబ్బు దాకా నడిచిన దారి ఒక ఆడపిల్లది. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాకు చెందిన గుగులోతు సౌమ్య మొదట పరుగుపందేల పిల్ల. ఆ వేగాన్ని చూసి ఫుట్‌బాల్ వైపు మళ్లించినది జిల్లాలోని శిక్షకుడే. అక్కడి నుంచి దేశీయ లీగుకు, గోకులం కేరళ జట్టుకు చేరిన ఆమె, 2022లో ట్రయల్స్ తరువాత, అంటే క్లబ్బు తన శిక్షకుల ముందే ఆడించి చూసుకునే పరీక్ష తరువాత, క్రొయేషియా రాజధానిలోని దినమో జాగ్రెబ్ మహిళా జట్టుతో ఒప్పందం చేసుకుంది. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ ఆమె వెంట ఉంది. తిరిగి వచ్చాక సౌమ్య ఈస్ట్ బెంగాల్ తరఫున 2024–25 ఇండియన్ విమెన్స్ లీగు గెలిచి, ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. బలరాం, హబీబ్ తొడిగిన ఎరుపు, బంగారు రంగుల చొక్కానే ఆమె కూడా తొడిగింది.

హైతీకి చెందిన మెల్చీ డుమోర్నే దారి దీనికి దగ్గరగా ఉంటుంది. 2003 ఆగస్టులో మీర్బలే పట్టణంలో పుట్టి, 14 ఏళ్లకే 20 ఏళ్ల లోపు ప్రపంచకప్పు ఆడిన ఆమె కోసం యూరప్ క్లబ్బులు కాచుకుని కూర్చున్నా, 18 ఏళ్లు నిండిన 2021లోనే ఫ్రాన్సులోని రీమ్స్ జట్టులో చేరగలిగింది. 2023లో లియాన్‌కు వెళ్లింది. ఈ నిరీక్షణకు కారణం ఫిఫా బదిలీ నిబంధనల్లోని 19వ అధికరణం. 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరొక దేశానికి బదిలీ చేయకూడదన్నది దాని సారం. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో వలస వెళ్లడం, యూరోపియన్ యూనియన్ లోపల 16 దాటినవారి బదిలీ, సరిహద్దుకు ఇరుపక్కలా దగ్గరలోనే నివాసం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఈ నియమం 2001లో వచ్చింది. 1989 నాటి పదిహేడేళ్ల డ్వైట్ యార్క్ ఇప్పటి కుర్రవాడైతే విల్లాలో చేరడానికి మరో పుట్టినరోజు దాకా ఆగవలసి వచ్చేది. వయసు నిండినా ఇంకొక గడప ఉంటుంది: 2009లో సునీల్ ఛెత్రితో క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఒప్పందం కుదుర్చుకున్నా, భారత జట్టు ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో లేదన్న కారణంతో బ్రిటన్ పని అనుమతి ఇవ్వలేదు.

కాబట్టి పద్నాలుగేళ్ల పిల్లవాడిని వచ్చే నెలలో స్పెయిన్ క్లబ్బులో చేర్పిస్తానని, అందుకు ముందుగా ఇంత రుసుము కట్టమని ఎవరైనా తెనాలి గుమ్మంలోకి వచ్చి చెబితే, ఆ మాట నియమాల ప్రకారమే నిలబడదని ఇంటివారు తెలుసుకోవాలి. ఆటగాడి తరఫున బేరం కుదిర్చే ఏజెంటుకు ఫిఫా పరీక్ష రాసి పొందిన లైసెన్సు ఉండాలి. మైనరును కలవాలంటే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం ఉండాలి, అది కూడా ఆ పిల్లవాడు తొలి వృత్తి ఒప్పందం చేసుకోగల వయసుకు ఆరు నెలల లోపలే కలవాలి.

పోటీని నిర్మించే పని ఆంధ్రప్రదేశ్‌లో ఒకచోట గట్టిగా జరిగింది. విన్సెంట్ ఫెర్రర్ దంపతులు 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, క్రీడా అకాడమీతో పాటు పల్లె జట్లకు లీగు నడిపి, స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ సహకారం తెచ్చుకుని, ఆడపిల్లల జట్లను ఆ దేశపు టోర్నీలకు పంపింది. వానలు సరిగా పడని జిల్లా చేసిన పని కాలువల జిల్లాలు చేయలేదు. మరోపక్క నగరంలో, 2019లో పుట్టి 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక కష్టాల్లో కూరుకుపోయి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పైన క్లబ్బు ఉండీ కింద పోటీలు లేకపోతే ఏమవుతుందో రహీం ఊరే చూపించింది. దేశంలోని బడులన్నిటికీ తెరిచి ఉన్న సుబ్రతో కప్ 1960 నుంచి నడుస్తూనే ఉంది. 17 ఏళ్ల లోపు బాలురకూ, బాలికలకూ అందులో విభాగాలున్నాయి. జిల్లాస్థాయి నుంచి పైకి వెళ్లే ఆ మెట్లు ఎక్కడానికి పదకొండుమంది పిల్లలు, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఇక డబ్బు. ఫిఫా నిబంధనల్లో శిక్షణ పరిహారం, సంఘీభావ చెల్లింపు అనే రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది ఆటగాడు తొలి వృత్తి ఒప్పందం చేసుకున్నప్పుడూ, 23 ఏళ్లు నిండే ఏడాది చివరిదాకా జరిగే అంతర్జాతీయ బదిలీల్లోనూ అతన్ని తయారుచేసిన క్లబ్బులకు ముట్టేది. ఇది మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదన్న నియమం ఇప్పటికీ ఉండటం సమర్థించడానికి వీలులేని విషయం, ఎందుకంటే తండా పిల్లకు ఆట నేర్పడానికి అయ్యే ఖర్చు అబ్బాయికి అయ్యే దానికన్నా తక్కువేమీ కాదు. రెండోది బదిలీ రుసుములో 5 శాతాన్ని పక్కకు తీసి, ఆటగాడి 12 నుంచి 23 ఏళ్ల వరకు ఏడాదివారీగా పంచేది: 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, ఆ తరువాత ఏడాదికి 0.5 శాతం. యార్క్ అమ్ముడుపోయిన 1.26 కోట్ల పౌండ్లకు ఈనాటి లెక్క కడితే, 12 నుంచి 15 ఏళ్ల వరకు నాలుగేళ్లు అతనికి ఆట నేర్పిన టొబాగో క్లబ్బు వాటా 1.26 లక్షల పౌండ్లు అవుతుంది. తొమ్మిదేళ్ల ముందు ఆస్టన్ విల్లా ఆ కుర్రవాడి కోసం మొత్తంగా చెల్లించినది 1.2 లక్షలే.

ఈ వాటా పొందడానికి పిల్లవాడికి ఆట నేర్పితే చాలదు, నేర్పినట్టు నమోదై ఉండాలి. ఏ సీజన్‌లో ఆటగాడు ఏ సభ్య క్లబ్బులో పేరు నమోదు చేసుకున్నాడో చూపే ఎలక్ట్రానిక్ ప్లేయర్ పాస్‌పోర్టును బట్టి ఫిఫా క్లియరింగ్ హౌస్ ఈ సొమ్మును పంచుతుంది, ఆ పాస్‌పోర్టుకు మూలం జాతీయ సమాఖ్య రిజిస్ట్రేషన్ రికార్డు. తెనాలిలోనో రేపల్లెలోనో ఒక బడి మైదానంలో, క్లబ్బుగా ఎక్కడా నమోదు కాని శిక్షకుడి దగ్గర 12 నుంచి 15 ఏళ్ల దాకా ఆడి, 16వ ఏట హైదరాబాదులో తొలిసారి పేరెక్కిన కుర్రవాడు ఎంత ధర పలికినా, ఆ నాలుగేళ్ల వాటా నేర్పిన ఊరికి రాదు.